పొత్తు పాపం బెర్లిన్‌దే

1915 డిసెంబరు మొదటి వారంలో, ఇస్తాంబుల్‌లో జర్మన్ రాయబారిగా ఉన్న పౌల్ వోల్ఫ్ మెటర్నిఖ్ తన ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఆర్మేనియన్లను తుడిచిపెట్టేస్తున్నారు, మంత్రులకు చెవిలో చెబితే లాభం లేదు, ఇక మన పత్రికల్లో బాహాటంగా అసమ్మతి తెలపాలి, టర్కీ పాలకుల మీద పొగడ్తలు ఆపాలి అన్నది అందులోని సారాంశం. డిసెంబరు 17న ఛాన్సలర్ బెత్‌మన్ హోల్‌వెగ్ ఆ నివేదిక మీదే తన జవాబు రాశాడు. యుద్ధం నడుస్తుండగా మిత్రుణ్ణి నలుగురిలో మందలించడం చరిత్రలో ఎన్నడూ లేదన్నాడు. యుద్ధం ముగిసేదాకా టర్కీని మన పక్కన నిలుపుకోవడం ఒక్కటే మన లక్ష్యమన్నాడు. అందువల్ల ఆర్మేనియన్లు నశిస్తారా లేదా అన్నది లెక్కలోకి రాదన్నాడు.

ప్రభుత్వాల మీద నేరం మోపేవాళ్లకు సాధారణంగా సాక్ష్యం దొరకదు. ఉత్తర్వులు కాల్చేస్తారు, నోటిమాటగా చెప్పిస్తారు, ఫలానా రోజు ఎవరు ఏ గదిలో ఉన్నారో గుర్తు లేదంటారు. ఇక్కడ ఆ తిప్పలు లేవు. ముద్దాయే తన చేత్తో రాసి, తారీఖు వేసి, ఫైలులో భద్రపరిచాడు. నూట పదేళ్లు దాటినా ఆ కాగితం మీద జర్మన్ రాజ్యం ఇంకా పూర్తి జవాబు చెప్పలేదన్నది ఈ పత్రిక ఫిర్యాదు. ఆ జవాబు ఏమై ఉండాలో చెప్పడానికే ఈ సంపాదకీయం.

ముందుగా ఒక విషయంలో గందరగోళం ఉండకూడదు. ప్రధాన నేరస్థుడు బెర్లిన్ కాదు. ఆర్మేనియన్ల నిర్మూలన ఇస్తాంబుల్‌లో ఆలోచించినది, అక్కడి నుంచే నడిపించినది. నాటి పాలకపక్షమైన ఐక్యతా ప్రగతి సంఘం, అందులో హోంమంత్రి తలాత్ పాషా, యుద్ధమంత్రి ఎన్వర్ పాషా దానికి కర్తలు. 1915 ఏప్రిల్ 24 రాత్రి రాజధానిలో ఆర్మేనియన్ రచయితలను, పత్రికా సంపాదకులను, వైద్యులను, న్యాయవాదులను ఇళ్ల నుంచి పట్టుకుపోయారు. మే నెలాఖరులో తరలింపు చట్టం వచ్చింది. ఆ తర్వాత అనటోలియాలో ఊరి వెంట ఊరు ఖాళీ అయింది. మగవాళ్లను ఊరి పొలిమేర దాటించి చంపారు. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను సిరియా ఎడారి వైపు నడిపించారు. దేర్ ఎజ్ జోర్ చేరినవాళ్లను అక్కడ చంపారు. మొత్తం మృతుల సంఖ్య మీద లెక్కలు వేరువేరుగా ఉన్నాయి, చాలామంది చరిత్రకారులు పది లక్షలకు పైమాటే అంటారు, పదిహేను లక్షలని ఆర్మేనియన్ల లెక్క. తుర్కియే ప్రభుత్వం నేటికీ దీన్ని జాతిహననమని ఒప్పుకోదు. ఆ నిరాకరణకు వేరే సంపాదకీయం కావాలి. ఇవాళ్టి విచారణ పక్కన నిలబడినవాడి గురించి.

తిలా పాపం తలా పిడికెడు అని మన సామెత. పాపాన్ని పదిమందికి పంచి ఎవరి వాటా కంటికి కనిపించకుండా చేసే సామెత అది. జర్మన్ చరిత్రకారుల్లో ఒక వర్గం చాలా కాలం ఇదే పని చేసింది: రష్యా రెచ్చగొట్టింది, బ్రిటన్ ఆశలు పెట్టి వదిలేసింది, ఆస్ట్రియా కూడా మిత్రదేశమే కదా, మధ్యలో జర్మనీ ఒక్కదాన్నే వేలెత్తి చూపడమెందుకు? సరే, పిడికిళ్లు కొలుద్దాం.

తెలియదు అనే మాట మొదటే కొట్టుకుపోతుంది. అలెప్పోలో కాన్సల్ వాల్టర్ రోస్లర్, ఎర్జురుమ్‌లో షాయిబ్నర్ రిఖ్టర్ వారం వారం తాము చూసింది రాశారు. ఆ షాయిబ్నర్ రిఖ్టరే ఎనిమిదేళ్ల తర్వాత మ్యూనిక్ తిరుగుబాటులో హిట్లర్ పక్కన నడుస్తూ తూటా తగిలి చనిపోయాడు. చరిత్రకు ఇలాంటి వంకర నవ్వులు అలవాటే. మెటర్నిఖ్‌కు ముందు రాయబారి వాంగన్‌హైమ్ ఆర్మేనియన్ల పక్షపాతి అసలే కాదు. ఆయన కూడా 1915 జులై 7న బెర్లిన్‌కు పంపిన నివేదికలో, సామ్రాజ్యంలో ఆర్మేనియన్ జాతిని అంతం చేసే లక్ష్యంతోనే ఒట్టోమన్ ప్రభుత్వం నడుస్తోందని స్పష్టంగా రాశాడు. రాయబార కార్యాలయంలో నౌకాదళ అధికారి, ఎన్వర్‌కు ఆప్తమిత్రుడు హన్స్ హూమన్ అంతకు ముందు నెలలోనే ఒక కాన్సల్ నివేదిక అంచున తన వ్యాఖ్య చేర్చాడు. ఆర్మేనియన్లు దాదాపుగా నిర్మూలమవుతున్నారు, కఠినమే గానీ ఉపయోగకరం అన్నది దాని భావం. ఏప్రిల్‌లో అరెస్టులు, జులైకల్లా బెర్లిన్ బల్ల మీద నిర్మూలన అనే మాట. యుద్ధకాలంలో ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా సమాచారం అందుకున్న ప్రభుత్వాలు అరుదు.

ఇక నిరసనలు తెలిపాం కదా అంటారు. తెలిపారు. 1915 జులైలో ఒకటి, ఆగస్టులో ఒకటి, ఒట్టోమన్ ప్రభుత్వానికి రాతపూర్వకంగా అందజేశారు. వాటిని చదివితే యుద్ధం ముగిశాక ఎవరో అడుగుతారన్న ముందుచూపు కనిపిస్తుంది తప్ప, అవతలివాడు ఆగాలన్న పట్టుదల ఎక్కడా కనిపించదు. సైనికావసరం కోసం తరలిస్తే అభ్యంతరం లేదంటూ మొదలెట్టి, మరీ ఘోరాలు జరగకుండా చూడమని వేడుకోవడం నిరసన కాదు, రసీదు పుచ్చుకోవడం.

అసలు తగువంతా ఇక్కడుంది: ఆపగలిగేవాళ్లా? జర్మనీని సమర్థించేవారి వాదనల్లో బలమున్నది ఇదొక్కటే, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. ఒట్టోమన్ పాలనా యంత్రాంగం మీద జర్మనీకి అధికారం లేదు, జిల్లాల్లో గవర్నర్లు జర్మన్ల మాట వినేవాళ్లు కాదు అంటారు వాళ్లు. పైగా 1915లో గలిపోలీ దగ్గర బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు దిగి ఉన్నాయి. టర్కీ చేజారితే రష్యాకు సముద్రమార్గం తెరుచుకుంటుంది, జర్మనీ యుద్ధం ఓడిపోతుంది. తన సైనికులు లక్షల్లో చస్తున్న వేళ ఏ ఛాన్సలర్ అంత పందెం కాస్తాడు?

వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆ పందెం నిజంగా ఉందా అన్నది చూడాలి. 1914 ఆగస్టు 2న రెండు దేశాల మధ్య రహస్య ఒప్పందం కుదిరింది. అక్టోబరు నెలాఖరులో నల్ల సముద్రంలో రష్యా రేవుల మీద గుళ్లు కురిపించి టర్కీని యుద్ధంలోకి లాగిన నౌకల్లో ముఖ్యమైనవి జర్మన్ నౌకలు, వాటి అధిపతి జర్మన్ అడ్మిరల్ సూషోన్. ఖజానాలోకి వచ్చిన బంగారం బెర్లిన్‌ది. ఒట్టోమన్ సర్వసైన్య కార్యాలయంలో ఎన్వర్ పక్క కుర్చీలో చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ హోదాలో కూర్చున్నది బ్రాన్‌సార్ట్ ఫన్ షెల్లెన్‌డార్ఫ్ అనే జర్మన్. మెటర్నిఖ్ ఆ డిసెంబరు నివేదికలోనే ఈ లెక్క తేల్చాడు. టర్కీ సాధిస్తున్నదంతా మన అధికారులు, మన ఫిరంగులు, మన డబ్బు చేస్తున్నదే, మనం లేకపోతే గాలి పోసుకుని ఉబ్బిన ఆ కప్ప చప్పబడిపోతుంది అన్న అర్థంలో రాశాడు. రష్యాతో, బ్రిటన్‌తో, ఫ్రాన్స్‌తో ఒకేసారి పోరాడుతున్న ఎన్వర్, తలాత్‌లు జర్మనీని కాదని ఎవరి గుమ్మం తొక్కుతారు? ఆ మూడు దేశాలూ 1915 మే 24నే ఉమ్మడి ప్రకటన చేశాయి, ఈ నేరాలకు ఒట్టోమన్ మంత్రులను వ్యక్తిగతంగా బాధ్యులను చేస్తామని హెచ్చరించాయి. తలాత్‌కు మిగిలిన తలుపు బెర్లిన్ ఒక్కటే. నిండు కొలువులో తల దించుకున్న భీష్ముడికి కనీసం తిన్న ఉప్పు అనే సాకు ఉంది. ఇక్కడ ఉప్పు పెట్టినవాడే తల దించుకున్నాడు.

లెక్కలూ ఊహలూ వద్దంటే, జరిగిన సంగతి ఒకటుంది. 1916 నవంబరులో స్మిర్నా, అంటే నేటి ఇజ్మీర్ నగరంలో, ఆర్మేనియన్లను తరలించడం మొదలుపెట్టారు. అక్కడి సైన్యానికి అధిపతి జర్మన్ జనరల్ లీమన్ ఫన్ జాండర్స్. ఆయన గవర్నర్‌కు ఒక్క కబురు పంపాడు: ఇంకొకరిని కదిలిస్తే నా సైనికులు ఆయుధాలతో అడ్డుకుంటారు. తరలింపు ఆగింది. ఇస్తాంబుల్ కినుక వహించింది గానీ పొత్తు తెగిపోలేదు. ఎన్వర్ రష్యా పక్షం చేరలేదు. గలిపోలీ వీరుడిగా పేరు మోసిన జనరల్ పదవి పోలేదు. ఒక సేనాని ఒక నగరంలో చేయగలిగినదాన్ని సామ్రాజ్య ఛాన్సలర్ ఎందుకు చేయలేడు? చేయలేక కాదు, అక్కర్లేదనుకుని. ఆ సంగతి ఆయనే డిసెంబరు 17న రాసుకున్నాడు.

లీమన్ ఉద్దేశంలో మానవత్వం ఎంతో, సైనిక క్రమశిక్షణ ఎంతో తేల్చి చెప్పడం కష్టం. తేల్చనక్కర్లేదు కూడా. ఆయన మంచివాడా కాదా అన్నది ఈ కేసులో ప్రశ్న కాదు. అడ్డు నిలబడితే పని జరిగిందన్నది సాక్ష్యం.

ఇంతవరకు చెప్పింది చేయకపోవడం గురించి. చేసిన పనులూ ఉన్నాయి, వాటి గురించి జర్మన్ పాఠ్యపుస్తకాల కంటే ఎక్కువగా జర్మన్ దస్త్రాలే మాట్లాడతాయి. అనటోలియా రైల్వే డాయిష్ బ్యాంక్ చేతిలో ఉండేది. ఒట్టోమన్ సైనిక కార్యాలయంలో రైల్వే విభాగానికి అధికారి లెఫ్టినెంట్ కర్నల్ బ్యోట్రిఖ్, ఆయనా జర్మనే. 1915 అక్టోబరులో రైల్వేలో పనిచేస్తున్న ఆర్మేనియన్లను తరలించాలన్న ఉత్తర్వు మీద సంతకం ఆయనదే. ఆ ఉత్తర్వు చూసి నిలువునా వణికిపోయిన మనిషి రైల్వే సంస్థ ఉన్నతాధికారి ఫ్రాంజ్ గ్యుంటర్. ఆయన ఆ కాగితాన్ని బెర్లిన్‌లోని బ్యాంకు పెద్దలకు పంపుతూ, దీన్ని చేజిక్కించుకోవడానికి మన శత్రువులు ఏనాటికైనా పెద్ద వెల చెల్లిస్తారు, జర్మన్లు హింసను ఆపకపోవడమే కాదు, ఉత్తర్వుల మీద సంతకాలు కూడా చేశారని చూపించగలుగుతారు అన్న అర్థంలో రాశాడు. నెలాఖరులో మరో జాబుకు ఒక ఫొటో జతచేశాడు. టర్కీలో సంస్కృతిని మోసుకెళ్తున్న మన రైలు ఇదిగో అని ఎత్తిపొడిచాడు. గొర్రెలను తోలే పెట్టెలవి. పది పెట్టెల్లో 880 మంది మనుషులు. పెట్టెకు ఎనభై ఎనిమిది.

ఫిరంగుల మాటా చెప్పుకోవాలి. 1915 అక్టోబరులో ఉర్ఫా పట్టణంలోని ఆర్మేనియన్లు తరలిపోవడానికి ఒప్పుకోక తమ పేటలో అడ్డం తిరిగారు. ఆ పేట మీద ఫిరంగి దాడిలో జర్మన్ అధికారి ఎబర్‌హార్ట్ వోల్ఫ్‌స్కీల్ పాల్గొన్నాడు. ఆ సంగతి ఇంటికి రాసిన ఉత్తరాల్లో దాచుకోలేదు. ఫెల్డ్‌మన్ అనే మరో అధికారి 1921లో ఒక జర్మన్ పత్రికలో, సైన్యం వెనక ప్రాంతాలను ఆర్మేనియన్లు లేకుండా ఖాళీ చేయించమని జర్మన్ అధికారులు, తనతో సహా, సలహా ఇచ్చారని ఒప్పుకున్నాడు. ఇవి కొందరు వ్యక్తుల పనులే తప్ప రాజ్యవిధానం కాదని అంటే, కాదని తోసిపుచ్చలేం. కానీ ఆ వ్యక్తుల్లో ఒక్కణ్ణి కూడా రాజ్యం సంజాయిషీ అడగలేదు. జర్మన్ సైన్యం దస్త్రాల్లో అధికభాగం 1945లో పోట్స్‌డామ్ మీద పడిన బాంబులకు తగలబడింది. కాబట్టి జాబితా ఇంతేనని ప్రమాణం చేసేవాడెవడూ లేడు.

తర్వాత దాచడం మొదలైంది. 1915 అక్టోబరులో జర్మన్ పత్రికలకు ఆదేశం అందింది: ఆర్మేనియన్ సమస్య టర్కీ ఇంటి వ్యవహారం, ప్రస్తుతానికి నోరు మెదపవద్దు. 1916 జనవరి 11న కార్ల్ లీబ్‌క్నెఖ్ట్ రైఖ్‌స్టాగ్‌లో నిలబడి అడిగాడు, మన మిత్రదేశంలో లక్షల మంది ఆర్మేనియన్లను ఇళ్ల నుంచి వెళ్లగొట్టి చంపుతున్నారని ఛాన్సలర్‌కు తెలుసా అని. ఛాన్సలర్ ఆ మాట ఫైలు మీద రాసి ఇరవై అయిదు రోజులే అయింది. విదేశాంగ శాఖ ప్రతినిధి లేచి, శత్రువుల రెచ్చగొట్టుడు వల్ల కొన్ని ప్రాంతాల్లో ఆర్మేనియన్లకు వేరే నివాసాలు ఏర్పాటు చేశారని, దాని పర్యవసానాల మీద రెండు ప్రభుత్వాలు సంప్రదించుకుంటున్నాయని చదివాడు. లీబ్‌క్నెఖ్ట్ మళ్లీ లేచి, ప్రొఫెసర్ లెప్సియుస్ దీన్ని నిర్మూలన అన్నాడన్న సంగతి ఎత్తబోయాడు. సభాపతి గంట మోగించాడు. ప్రశ్న మధ్యలోనే తెగిపోయింది. 

ఆ లెప్సియుస్ పాదరీ. 1915 ఆగస్టులో ఇస్తాంబుల్‌కు వెళ్లి స్వయంగా ఎన్వర్‌తో వాదించి వచ్చినవాడు. తన నివేదికను సొంతంగా అచ్చు వేయించి 1916లో వేల సంఖ్యలో జర్మనీలోని మతగురువులకు, ప్రతినిధులకు పంపాడు. ఆగస్టులో సైనిక సెన్సార్ దాన్ని నిషేధించింది. అదే లెప్సియుస్ 1919లో విదేశాంగ శాఖ దస్త్రాలతో ఒక పెద్ద సంపుటం ప్రచురించాడు. అది చాలా కాలం ప్రామాణికంగా చెలామణి అయింది. జర్మన్ల పాత్రను బయటపెట్టే వాక్యాలు అందులోంచి జారిపోయాయని తర్వాతి పరిశోధకులు, ముఖ్యంగా వోల్ఫ్‌గాంగ్ గుస్ట్, మూలప్రతులతో సరిచూసి తేల్చారు. నిజం చెప్పడానికి ప్రాణం ఒడ్డినవాడి చేతుల మీదుగా కూడా దేశం పరువు కోసం కాగితం కత్తిరించారు. దీనికి మించిన విషాదం ఈ కథలో చాలా ఉంది, కానీ దీనికి మించిన సాక్ష్యం తక్కువ.

చివరిది ఆశ్రయం. 1918 నవంబరు మొదట్లో, ఓటమి ఖాయమయ్యాక, తలాత్, ఎన్వర్, నౌకాదళ మంత్రి జెమాల్ పాషా రాత్రికి రాత్రి జర్మన్ నౌకలో ఇస్తాంబుల్ దాటారు. తలాత్ మారుపేరుతో బెర్లిన్‌లో కాపురం పెట్టాడు. 1919 జులైలో ఇస్తాంబుల్ సైనిక న్యాయస్థానం ఆయనకు మరణశిక్ష వేసింది. అప్పగించమని ఒట్టోమన్ ప్రభుత్వం అడిగినా జర్మనీ అప్పగించలేదు. 1921 మార్చి 15న హార్డెన్‌బర్గ్ వీధిలో సొగొమోన్ తెహ్లిరియన్ అనే ఆర్మేనియన్ యువకుడు తలాత్‌ను కాల్చిచంపాడు. జూన్‌లో రెండు రోజుల విచారణ తర్వాత బెర్లిన్ జ్యూరీ అతణ్ణి నిర్దోషిగా వదిలిపెట్టింది. ఒక రాజ్యం ఇరవై ఎనిమిది నెలలు దాచిపెట్టిన మనిషి విషయంలో పన్నెండు మంది మామూలు బెర్లిన్ పౌరులు రెండు రోజుల్లో ఏదో అర్థం చేసుకున్నారు. రాజ్యం మాత్రం అర్థం చేసుకోలేదు: 1943లో హిట్లర్ ప్రభుత్వం తలాత్ అవశేషాలను సకల లాంఛనాలతో టర్కీకి పంపింది.

జర్మన్లంతా ఒక్కటే అనడం ఈ పత్రిక ఉద్దేశం కాదు. రోస్లర్ లాంటి కాన్సల్ ఉద్యోగాన్ని లెక్కచేయకుండా రాశాడు. ఆర్మిన్ వెగ్నర్ అనే సైనిక వైద్యసేవకుడు నిషేధాన్ని కాదని ఎడారిలో తీసిన ఫొటోలు నేటికీ ప్రపంచం ముందున్నాయి. మెటర్నిఖ్ నోరు మూసుకోలేదు, అందుకే టర్కీ పాలకులు పట్టుబట్టి 1916 అక్టోబరుకల్లా ఆయన్ను వెనక్కి పిలిపించారు. ఈ మంచివాళ్ల పేర్లు చెప్పి రాజ్యాన్ని ఒడ్డెక్కించాలని చూస్తారు కొందరు. నిజానికి వీళ్లే ప్రాసిక్యూషన్ సాక్షులు. వీళ్లు చెప్పకపోతే బెర్లిన్ తెలియదనగలిగేది.

ఎక్కడో అనటోలియాలో జరిగినదానికీ మనకూ ఏమిటని అడిగే పాఠకుడికి రెండు మాటలు. ఆర్మేనియన్లు మనకు పరాయివాళ్లు కారు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవులో వర్తకం చేసిన జాతి అది. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో మద్రాసులో అచ్చయింది. వాళ్ల వీధి, వాళ్ల చర్చి ఇంకా అక్కడున్నాయి. రెండోది మరింత దగ్గరిది. 1916 ఏప్రిల్ 29న మెసొపొటేమియాలోని కూట్ దగ్గర బ్రిటిష్ ఇండియా సేన లొంగిపోయింది. పట్టుబడ్డ భారతీయ సైనికుల్లో వేలమందిని ఎడారి మీదుగా రాస్ అల్ అయిన్‌కు నడిపించి, బాగ్దాద్ రైల్వే పనిలో పెట్టారు. జర్మన్ పెట్టుబడితో, జర్మన్ ఇంజనీర్లతో సాగుతున్న పని అది. ఆర్మేనియన్లను తోలుకొచ్చి చంపిన చోటూ అదే. బెంగాల్ అంబులెన్స్ దళంలో ఉండి బందీగా అక్కడికి చేరిన శిశిర్ ప్రసాద్ సర్వాధికారి తన కళ్లతో చూసిన ఆర్మేనియన్ల గతిని ‘అభి లే బాగ్దాద్’ అనే బెంగాలీ పుస్తకంలో రాసిపెట్టాడు. ఈ నేరానికి భారతీయ సాక్షి ఉన్నాడు.

పైగా ఈ ఫైలు ఆ ఒక్క యుద్ధంతో మూతపడలేదు. 1971 మార్చి 28న ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ పంపిన తంతి శీర్షికే ఏరిఏరి జరుపుతున్న జాతిహననం గురించి. పాకిస్తాన్ సైన్యం అవామీ లీగ్ వాళ్లను, విద్యార్థులను, అందరికన్నా ఎక్కువగా హిందువులను వెతికి చంపుతోందని వాషింగ్టన్‌కు నెలరోజుల్లో పూర్తిగా తెలిసింది. ఏప్రిల్ నెలాఖరులో ప్రెసిడెంట్ నిక్సన్ తన ముందుకొచ్చిన పత్రం మీద చేత్తో రాశాడు, ఇప్పుడు పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ మీద ఒత్తిడి తేవద్దని. అప్పుడు యాహ్యా చైనాకు దారి చూపే మనిషి. బ్లడ్‌ను ఢాకా నుంచి తప్పించారు. దస్తూరీ వేరు, భాష వేరు, వాక్యం ఒకటే. భారత పాలకులు కూడా పొరుగు దేశాల్లో ఎవరితో ఏ అవసరానికి చేతులు కలుపుతున్నారో చూసుకునేటప్పుడు ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే నష్టం లేదు.

చట్టం సంగతికి వద్దాం. జాతిహననాన్ని నేరంగా ప్రకటించిన అంతర్జాతీయ ఒడంబడిక 1948 నాటిది. 1915కు దాన్ని వెనక్కి లాగి శిక్ష వేయడం కుదరదు, వేయమని ఈ పత్రిక అడగదు కూడా. కానీ ఆ మాటను పుట్టించిన రఫాయెల్ లెమ్కిన్‌ను ఆ దారి పట్టించిన వాటిలో తలాత్ హత్య కేసు ఒకటి. కనుక ఆ చట్టం కొలబద్దతో ఈ నేరాన్ని కొలవడంలో తప్పు లేదు. 2007 ఫిబ్రవరి 26న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం బోస్నియా కేసులో తీర్పు చెప్పింది. స్రెబ్రెనిత్సాలో మారణకాండ సెర్బియా చేసింది కాదు, అందులో భాగస్వామి అని కూడా రుజువు కాలేదు. కానీ బోస్నియన్ సెర్బుల మీద దానికున్న పలుకుబడికి, ప్రమాదం గురించి దానికి తెలిసినదానికి, ఆపడానికి ప్రయత్నించకపోవడం చట్టోల్లంఘన. నిందితుడు మ్లాడిచ్‌ను అప్పగించకపోవడం మరో ఉల్లంఘన. పలుకుబడి ఉందా, తెలుసా, ప్రయత్నించావా, తర్వాత నేరస్థుణ్ణి దాచావా అన్న నాలుగు ప్రశ్నల ముందు 1915 నాటి బెర్లిన్ సెర్బియా కంటే ఎక్కువ దోషిగా నిలుస్తుంది. సెర్బియా చేతిరాత అలా దొరకలేదు.

నేటి జర్మనీ ఏమీ చేయలేదని కాదు. 2015 ఏప్రిల్ 23న బెర్లిన్ కెథెడ్రల్‌లో అధ్యక్షుడు యోఆఖిమ్ గౌక్ దాన్ని జాతిహననమనే అన్నారు, అందులో జర్మన్ల వంతు బాధ్యతను, బహుశా సహదోషాన్ని ఎదుర్కోవాలన్నారు. 2016 జూన్ 2న బుండెస్టాగ్ ఒకే ఒక్క వ్యతిరేక ఓటుతో తీర్మానం చేసింది. తుర్కియే తన రాయబారిని వెనక్కి పిలిపించింది. ఓటింగ్‌కు ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ రాలేదు. సరిగ్గా మూడు నెలలకు, సెప్టెంబరు 2న, ఆ తీర్మానానికి చట్టబద్ధత ఏమీ లేదని ప్రభుత్వ ప్రతినిధి విలేకరుల ముందు ప్రకటించాడు. అప్పట్లో ఇంజిర్లిక్ వైమానిక స్థావరంలో ఉన్న జర్మన్ సైనికులను చూడటానికి జర్మన్ ఎంపీలను తుర్కియే అనుమతించడం లేదు. వలసదారులను ఐరోపాకు రాకుండా ఆపే ఒప్పందం కూడా అదే ఏడాది మార్చిలో కుదిరింది. ప్రకటన వెలువడ్డాక ఎంపీలకు అనుమతి దొరికింది. టర్కీని పక్కన నిలుపుకోవాలన్న 1915 నాటి అవసరం శతాబ్దం దాటాక కూడా ఆర్మేనియన్ల నెత్తురు మీద ఒక ఆకు కప్పింది.

ఇదీ ఈ పత్రిక తీర్పు. జర్మన్ సామ్రాజ్యం ఆర్మేనియన్ల జాతిహననానికి కర్త కాదు, కానీ సహదోషి. తెలిసీ, ఆపగలిగీ, ఆపనక్కర్లేదని లిఖితపూర్వకంగా నిర్ణయించుకుని ఆ పదం సంపాదించుకుంది. దాని అధికారుల్లో కొందరు చేయి కలిపారు, పత్రికల నోరు ప్రభుత్వం కట్టింది, హంతకుడికి ఇల్లు ఇచ్చింది. ఈ వారసత్వం పార్లమెంటు తీర్మానంగా మిగిలిపోకూడదు, జర్మన్ ప్రభుత్వం తన సొంత గొంతుతో, మినహాయింపులు లేకుండా, దానికి బాధ్యత తీసుకోవాలి. నమీబియాలో 1904-08 మధ్య హెరెరో, నామా తెగల మీద తాను జరిపినది జాతిహననమని 2021లో అదే ప్రభుత్వం ఒప్పుకుంది. 110 కోట్ల యూరోలు ఇస్తామంది, పరిహారమనే మాట వాడకుండా జాగ్రత్తపడింది, అయినా ఒప్పుకుంది. అక్కడ చేయగలిగినది ఇక్కడ చేయలేకపోవడానికి కారణం ఒక్కటే: నమీబియా పక్కన వైమానిక స్థావరం లేదు. సెప్టెంబరు 2 నాటి ప్రకటనను ఉపసంహరించుకోవాలి. డాయిష్ బ్యాంక్ రైల్వే దస్త్రాలతో సహా మిగిలినవన్నీ ఒక స్వతంత్ర సంఘం ముందుంచాలి. లెప్సియుస్ సంపుటంలో కత్తిరించిన వాక్యాలతో సహా అసలు పాఠం జర్మన్ బడిపిల్లలు చదవాలి.

ఫ్రాంజ్ గ్యుంటర్ ఒక్క విషయంలో పొరబడ్డాడు. ఆ కాగితానికి శత్రువులు పెద్ద వెల ఇస్తారనుకున్నాడు. ఇప్పుడది జర్మన్ విదేశాంగ శాఖ దస్త్రాల్లో ఉంది. ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు, రుసుము లేదు. ఛాన్సలర్ కార్యాలయం నుంచి అక్కడికి నడిచి వెళ్లొచ్చు.